మా గోడవతల కోళ్ళ నిపుణుడు

మా పక్కింటి తురోబ్ కోళ్ళ నిపుణుడు. ఈ మాట నేనన్నది కాదు, ఆయనే అంటాడు. టీ దుకాణంలో అంటాడు, చావింట్లో అంటాడు, మంగలి కుర్చీలో మెడకు గుడ్డ కట్టించుకుని కూడా అంటాడు. "నేను కోళ్ళ ఫ్యాక్టరీలో పదకొండేళ్ళు చేసినవాణ్ణి" అని మొదలుపెట్టాడంటే మంగలి గబగబా కత్తి ఆడించి పంపించేస్తాడు.

ఆ పదకొండేళ్ళూ ఆయన ఏం వెలగబెట్టాడో మా కరతూత్ వీధిలో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. చచ్చి స్వర్గాన ఉన్న మా ఆయన అదే ఫ్యాక్టరీలో లారీ నడిపాడు. కోడిపిల్లల్ని ఆడవాళ్ళు లెక్కపెట్టి అట్టపెట్టెల్లో సర్ది ఇస్తే, తురోబ్ మూత మూసి తాడు కట్టేవాడు. అంతే. రోజుకు వేల పిల్లలు ఆయన చేతుల మీదుగా పోయేవి, అన్నీ మూత కిందనుంచే. ఒక్క కోడికి మేత వేసి ఎరగడు, ఒక్క గుడ్డు ఏరి ఎరగడు. సోవియట్ యూనియన్ పోయిన మూడో ఏడు ఫ్యాక్టరీ మూతపడింది. పెట్టె లేదు, తాడు లేదు, జీతం లేదు. మనిషికి నిపుణత్వం పుట్టుకొచ్చింది అప్పుడే.

నేను టోపీలు కుడతాను. నల్ల గుడ్డ మీద తెల్ల దారంతో మిరపకాయ నమూనా, చుస్త్ బజారులో అమ్మే రకం. వెలుతురు కోసం పొద్దుటినుంచి సాయంత్రం దాకా గోడవారనే కూర్చుంటాను. ఆ గోడలో రెండిళ్ళకూ మధ్య చిన్న తలుపు ఉంది. మా వీధిలో ప్రతి గోడకూ ఉంటుంది. అది మూసిన రోజు లేదు. కాబట్టి తురోబ్ సంసారం నాకు తెలియకుండా పోయే వీలు లేదు. తెలియకపోతే బావుండునని ఎన్నోసార్లు అనుకున్నాను.

ఆ ఇంట్లో కోళ్ళు సోజిదావి. తురోబ్ భార్య. బక్కపల్చటి మనిషి, గొంతు పెద్దదిగా విన్న పాపాన పోలేదు. పొద్దున్నే పిల్లల బడికి వెళ్ళి వంట చేసి, మధ్యాహ్నం ఇంటికొచ్చి కొంగు దులుపుకోకుండానే కోళ్ళ దగ్గరికి పోతుంది. అవి మామూలు కోళ్ళు కావు. ఆవిడ తల్లి కొండ పక్క ఊళ్ళో పెంచిన జాతి. బూడిద రంగు, గడ్డం కింద చిన్న కుచ్చు, నెత్తిమీద జుట్టు ఉందా లేదా అన్నట్టుగా అణిగి ఉంటుంది. మంచు పడే నలభై రోజుల చలిలో ఊరి కోళ్ళన్నీ గుడ్డు మానేసినా అవి మానవు. తల్లి చనిపోయినప్పుడు దినానికి వచ్చిన జనానికి సోజిదా వదినలు అక్కడున్న కోళ్ళన్నీ కోసి వండేశారు. అంతకుముందే సోజిదా తెచ్చుకున్నవి మాత్రం మిగిలాయి. ఆ జాతి ఇంకెక్కడా లేదు. తల్లి చేతిది ఇంకేదీ ఆవిడ దగ్గర లేదు, ఒక గిన్నె కూడా.

వాటిని చూసుకోవడం చూడాలి. గూట్లో పత్తికట్టె బూడిద పరుస్తుంది, పేను పట్టకుండా. మల్బరీ చెట్టు కింద గొయ్యి తీసి మళ్ళీ బూడిదే పోస్తుంది, అవి పొర్లాడడానికి. లూసర్న్ గడ్డి సన్నగా తరిగి జొన్నల్లో కలుపుతుంది. చలికాలం తవుడు ముద్దలో ఎండుమిర్చి పొడి, వసంతం రాగానే నీళ్ళలో చితక్కొట్టిన వెల్లుల్లి. గుడ్డు పెంకులు దంచి ఇస్తుంది, గుడ్డు ఆకారం కనబడకుండా బాగా దంచి, లేకపోతే గుడ్లు తినడం మరుగుతాయని. పొద్దు వాలగానే గూటి తలుపు వేసి రాయి అడ్డం పెడుతుంది, ముంగిస రాకుండా. ఇంత పనిలో తురోబ్ వంతు ఏమిటంటే, ద్రాక్షపందిరి కింద పదిమంది కూర్చునేంత చెక్క మంచం మీద దిండుకు ఆనుకుని "గూడు తూర్పుకు తిప్పాలి సోజిదా, ఫ్యాక్టరీలో అన్నీ తూర్పుకే" అనడం. ఫ్యాక్టరీకి కిటికీలే లేవని మా ఆయన చెప్పేవాడు.

ఒక్కటి మాత్రం ఆయన వంతు. మా దగ్గర ఆడవాళ్ళు కోడి కొయ్యరు. ఆడది కోసింది ఎవరూ తినరు. ఇంట్లో మగవాడు లేని నాలాంటిది కోడిని సంకన పెట్టుకుని వీధిలోకి పోయి, దారినపోయే మగవాణ్ణి ఆపి కోయించుకోవాలి. అందుకని తురోబ్ దగ్గర ఎప్పుడూ పదునైన కత్తి ఉండేది. ఆయన చేతిలో పదును ఉన్న వస్తువు అదొక్కటే.

అంతకు రెండేళ్ళ ముందు కొక్కెర తెగులు వచ్చి సోజిదా మందంతా తుడిచిపెట్టుకు పోయింది. నాలుగు పెట్టలు, ఒక ముసలి పుంజు మిగిలాయి. మళ్ళీ మంద కట్టుకోవాలని ఆవిడ ఎదురుచూస్తున్న వసంతంలో ఈ కథ జరిగింది.

మార్చి నెల. వీధి చివర పెళ్ళి. మర్నాటి పలావుకి పసుపుపచ్చ క్యారెట్లు తరగడానికి ఆడవాళ్ళం అంతా మధ్యాహ్నమే వెళ్ళాం. అదే సమయంలో తురోబ్ ఇంటికి అతిథి వచ్చాడు. ఫ్యాక్టరీలో ఒకప్పటి ఉప డైరెక్టరు. పదకొండేళ్ళలో తురోబ్ పేరు ఒక్కసారి కూడా సరిగ్గా పిలిచి ఉండడు. దారిలో కారు వేడెక్కింది, నీళ్ళ కోసం తలుపు కొట్టాడు. నీళ్ళు ఇచ్చి పంపొచ్చు. టీ, రొట్టె పెట్టి పంపొచ్చు. మన నిపుణుడికి అది ఎలా సరిపోతుంది? అంతటి పెద్దమనిషి గడప తొక్కితే మాంసం పెట్టకుండా పంపడమా? కత్తి తీశాడు. గూట్లో నాలుగు పెట్టలు, ఒక పుంజు. బుర్ర పెట్టి ఆలోచించాడు పాపం. పెట్ట గుడ్డు పెడుతుంది, పుంజు ఏం పెడుతుంది? పుంజును కోశాడు.

అయిదేళ్ళ పుంజు. మూడు గంటలు ఉడికించినా అది మెత్తబడలేదట. కారు చల్లబడగానే ఉప డైరెక్టరు చారులో రొట్టె రెండు ముక్కలు ముంచుకుని, కట్టుడు పళ్ళు చూపించి క్షమించమని వెళ్ళిపోయాడు.

మేం చేతులు పసుపెక్కి ఇంటికొచ్చేసరికి వాకిట్లో బూడిద రంగు ఈకలు. సోజిదా ఒక ఈక తీసి చూసింది. నేను చిన్న తలుపు దగ్గరే నిలబడిపోయాను.

"పుంజును కోశారా?" అంది.

"మరేం చెయ్యమంటావు? డైరెక్టరుగారు వచ్చారు! మన ఇంటికి!" తురోబ్ మొహం వెలిగిపోతోంది. "నా చెయ్యి పట్టుకుని మరీ అడిగారు, ఏం తురోన్, ఎలా ఉన్నావని."

"మీ పేరు తురోబ్ కదండీ."

"పెద్దవాళ్ళు. అలాగే పిలుస్తారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. "ఏమయ్యా, పుంజు లేకుండా పిల్లలెలా వస్తాయో ఫ్యాక్టరీలో చెప్పలేదా?" అన్నాను.

"మాస్తురక్కా, నువ్వు టోపీలు కుట్టుకో" అన్నాడు. "పెట్టకు పుంజుతో పనేముంది? ఫ్యాక్టరీలో లక్ష పెట్టలుండేవి, గుడ్లు పెట్టేవి. పుంజు ఒక్కటీ కనబడేది కాదు."

పిల్లలొచ్చే గుడ్లు వేరే ఊరినుంచి పెట్టెల్లో దిగేవని ఈ మనిషికి పదకొండేళ్ళలో తెలియలేదు. ఆ పెట్టెల మూతలు వేరేవాడు తీసేవాడు మరి.

సోజిదా ఏడవలేదు. వాకిలి ఊడ్చి, ఈకలు పోగు చేసి, నా దగ్గరకొచ్చి కూర్చుంది. "అక్కా, ఇంకా పది రోజులు ఉంది" అంది.

"దేనికే?"

"పుంజు పోయినా దాని సత్తువ పెట్టలో పది పన్నెండు రోజులుంటుంది. అమ్మ చెప్పేది. ఈ పది రోజుల గుడ్లలో పిల్లలుంటాయి. ఆ తర్వాతవి ఒట్టి గుడ్లే. ఒక్క పుంజుపిల్ల లేచినా చాలు."

అలా మొదలైంది. నాలుగు పెట్టలు, రోజుకు మూడు గుడ్లు. ఒక్కొక్కదాని మీద బొగ్గుతో తేదీ గీసి, సన్నకొన కిందికి పెట్టి, మా చల్లని కొట్టులో తవుడు బుట్టలో దాచింది. రోజూ సాయంత్రం వచ్చి వాటిని పక్కకు వాల్చి వెళ్ళేది. దాచడం మా ఇంట్లో ఎందుకంటే, తన ఇంట్లో ఉంటే ఇంకో డైరెక్టరు వస్తే ఆమ్లెట్టు అయిపోతాయని నేనే భయపెట్టాను. పదో రోజు కల్లా ఒక పెట్ట పొదగడానికి ఒళ్ళు ఉబ్బించుకుని గూట్లోనుంచి లేవడం మానేసింది. వేళ కలిసొచ్చింది. వచ్చిన గుడ్లలో పదిహేడు మంచివి ఏరి దాని కింద పెట్టింది.

ఏడో రోజున మా తందూరు కొట్టులో తలుపు మూసి, చీకట్లో టార్చిలైటు మీద ఒక్కొక్క గుడ్డూ పెట్టి చూశాం. జీవమున్న గుడ్డులో ఎర్రటి నరాలు అల్లుకుని కనిపించాలి. సోజిదా మొదటిది చూసింది, బాగుంది. రెండోది, మూడోది, నాలుగోది బాగున్నాయి. అయిదోదానిలో ఏమీ లేదు. ఆరోదానిలో రక్తపు గీత ఒకటి గుండ్రంగా తిరిగి ఆగిపోయింది. ఆ తర్వాత వరసగా ఏమీ లేదు, ఏమీ లేదు, ఏమీ లేదు. బాగున్న నాలుగూ మొదటి రెండు రోజులవి. మిగతా పదమూడూ ఆ తర్వాతవి.

ఒకటి పళ్ళెంలో పగలగొట్టింది. తెల్లసొన గులాబి రంగులో ఉంది. పచ్చసొన పచ్చగా లేదు, ఎండిన ఆకు రంగులో ముద్దగా కూర్చుంది.

నాతోనే ఉండే మా అత్తగారికి అప్పటికి డెబ్బై దాటింది, ఒక కన్ను సరిగ్గా ఆనదు. పళ్ళెం ఆ రెండో కంటి దగ్గరికి తెచ్చుకుని చూసింది. "ఇది యుద్ధం నాటి గుడ్డు" అంది. "అప్పుడు తిండిలేక మేం పత్తిచెక్క తిన్నాం, కోళ్ళకూ అదే వేశాం. ఇలాంటి గుడ్లే పెట్టాయి. ఒక్కటీ పిల్ల కాలేదు. ఎవరు వేస్తున్నారమ్మా కోళ్ళకి పత్తిచెక్క?"

ఎవరు వేస్తారు?

గూడు వెనక సంచీ దొరికింది. పత్తిగింజల నూనె తీయగా మిగిలిన చెక్క, నూనె ఇంకా చేతికి అంటుతోంది. పుంజును కోసిన మూడో రోజునుంచి, సోజిదా బడికి వెళ్ళగానే మన నిపుణుడు గుప్పెళ్ళతో మేపుతున్నాడు.

"ఏం తప్పు చేశానని ఆ చూపులు?" అన్నాడు తురోబ్, మంచం మీద లేచి కూర్చుని. "పుంజు పోయిందని నువ్వు మొహం మాడ్చుకున్నావు. పెట్టలకన్నా బలం పెడదామనుకున్నాను. పత్తిచెక్క తిని ఆవు పాలివ్వడం లేదా? దాని నూనెతోనే పలావు వండుకోవడం లేదా? దాని కట్టెతోనే రొట్టె కాల్చుకోవడం లేదా? మనం పుట్టిందే పత్తిలో. పత్తి ఎవరికైనా చెడు చేస్తుందా?"

ఒప్పుకోవాలి, ఈ మాట మా లోయలో ఎవడైనా అంటాడు. పత్తికి మించిన మేత లేదని మా ఊళ్ళో పసిపిల్లకు కూడా నూరిపోశారు. కానీ మిగతావాళ్ళు నిపుణులమని చెప్పుకోరు. తెలియకపోతే పెళ్ళాన్ని అడుగుతారు. ఈయన అడగడు. అడిగితే మంచం మీద నుంచి దిగాలి.

"ఇరవయ్యొకటో రోజు దాకా చూద్దాం అక్కా" అంది సోజిదా. సంచీ తీసుకెళ్ళి మా ఆవు ముందు పోసింది.

నాలుగు గుడ్లలో ఒకటి లోపలే చచ్చింది. ఒకటి పెంకు పొడిచి, సగం బయటికొచ్చి, సాయంత్రానికి తల వాల్చేసింది. రెండు లేచాయి. రెండు బూడిద రంగు ఉండలు. సోజిదా వాటి పక్కన నేలమీద బోర్లా పడుకుని ఉడికిన గుడ్డు పొడి మునివేళ్ళతో జల్లడం చూసి నేను పని ఆపేశాను. ఇన్నేళ్ళలో ఆ మనిషి నవ్వడం నేను అంతసేపు చూసింది అప్పుడే.

ఇక తేలాల్సింది ఒక్కటే. రెండిట్లో ఒకటైనా పుంజు కావాలి. రెండూ పెట్టలైతే అయిపోయినట్టే; రెండేళ్ళో, మూడేళ్ళో గుడ్లు పెట్టి, పిల్లలు లేకుండా ఆ జాతి మట్టిలో కలిసిపోతుంది. ఆ జాతిలో పుంజుకూ పెట్టకూ మూడు నెలల దాకా తేడా తెలియదు. జుట్టు అణిగే ఉంటుంది, తోక ఈకలు ఆలస్యంగా వస్తాయి. ఎదురుచూడాలి.

తురోబ్‌కు ఎదురుచూడాల్సిన అవసరం ఏముంది? మా వీధి మగవాళ్ళు ఎనిమిదిమంది పదిహేను రోజులకోసారి వంతులవారీగా ఒక్కొక్కరి ఇంట్లో చేరి పలావు తిని కబుర్లు చెప్పుకుంటారు. ఇంకొకరి ఇంటి వంతు వచ్చినప్పుడు ఈయన రెండు పిల్లల్నీ టోపీలో వేసుకుని వెళ్ళాడట. అందరి ముందూ ఒక్కొక్కదాన్నీ మెడ దగ్గర పట్టి పైకెత్తాడట. కాళ్ళు ముడుచుకుంటే పెట్ట, వేలాడేస్తే పుంజు. ఫ్యాక్టరీ విద్య. "రెండూ పెట్టలే. తప్పైతే నా మీసం గొరిగించుకుంటాను" అన్నాడట. ఆ ఎనిమిదిమందిలో పెద్దవాడు ఎర్గాష్ తాత నాతో ఈ సంగతి చెప్పి ఆగి ఆగి నవ్వాడు.

రెండు నెలలు దాటేసరికి నేను, సోజిదా పసిగట్టాం. ఒకదాని కాళ్ళు లావెక్కాయి. పిల్లి వస్తే రెండోది పారిపోతుంది, ఇది మెడ నిక్కించి నిలబడుతుంది. సోజిదా నా వైపు చూసి, పెదాల మీద వేలు పెట్టింది. "ఆయనకు చెప్పకక్కా."

"ఎందుకు చెప్పకూడదే? మీసం గొరిగిస్తాను దగ్గరుండి!"

"మీసం నాకెందుకు? పుంజు కావాలి నాకు."

ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. ఏళ్ళ తరబడి ఆ మనిషి డాంబికాలు గోడవతలనుంచి వింటున్నాను. పుంజును కోసిన రోజు, సంచీ దొరికిన రోజు ఆవిడ నోరు మెదపలేదు. ఆవిడ బదులు ఎవరో ఒకరు ఆ మనిషికి బుద్ధి చెప్పాలి కదా, ఆ ఎవరో ఒకరు నేనే ఎందుకు కాకూడదు అనుకున్నాను. నిజం చెప్పాలంటే ఆ రోజు కోసం నోరూరుతోంది నాకు.

ఆగస్టులో వచ్చింది ఆ రోజు. తురోబ్ ఇంటి వంతు. ద్రాక్షగుత్తులు పందిరినుంచి దిగి తలలకు తగులుతున్నాయి. మంచం మీద ఎనిమిదిమంది మగవాళ్ళు, మధ్యలో పలావు పళ్ళెం. నేను, సోజిదా వంటింటి గుమ్మంలో టీ కాస్తున్నాం. తురోబ్ కోళ్ళ మేత గురించి ఉపన్యాసం అందుకున్నాడు. సరిగ్గా అప్పుడు మల్బరీ చెట్టు కిందనుంచి వినిపించింది. గొంతు ఇంకా ముదరని కూత. సగంలో తెగి, మళ్ళీ అందుకుని, చివరికంటా సాగింది. మన బూడిదపిల్ల మెడ చాచి, కళ్ళు మూసుకుని, తన కూత తనకే కొత్తగా ఉన్నట్టు నిలబడింది.

మంచం మీద అందరూ తలలు తిప్పి చూశారు. తర్వాత గొల్లున నవ్వారు.

"ఒరేయ్ తురోబ్, నీ పెట్ట ఏదో అంటోందిరా!"

"మంగల్ని పిలవండర్రా!"

తురోబ్ మొహం ఎర్రబడింది. కానీ పర్వాలేదు, తేలిపోయేదే. ఎర్గాష్ తాత అప్పటికే నవ్వాపుకుని, "పోనీలేరా, కోడిపిల్ల కాళ్ళు చూసి చెప్పడం ఎవడి తరం" అంటున్నాడు. ఇంకో రెండు మాటలైతే కబుర్లు పుచ్చకాయల మీదికి పోయేవి. తురోబ్ కూడా నవ్వబోయాడు. పెదవి కదలడం నేను చూశాను.

నేను ఊరుకోలేదు. గుమ్మంలోంచి బయటికొచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని, అందరికీ వినబడేలా అన్నాను. "నిపుణుడుగారూ! పదకొండేళ్ళు పెట్టెలకు తాళ్ళు కట్టినవాడికి పుంజేదో పెట్టేదో ఎలా తెలుస్తుంది? చెప్పు, నలుగురిలో చెప్పు, ఇది పుంజని! ఉన్న పుంజును కోసి డైరెక్టరుకు పెట్టానని చెప్పు! పత్తిచెక్క మేపి గుడ్లు చంపానని చెప్పు! నోరు విప్పవేం?"

నవ్వులు ఆగిపోయాయి. తాళ్ళ సంగతి, పత్తిచెక్క సంగతి మిగతా ఏడుగురిలో ఎవరికీ తెలియదు. తురోబ్ నన్ను చూశాడు, వాళ్ళను చూశాడు. మంచం దిగాడు. పనికోసం ఆయన ఆ మంచం దిగడం నేను అదే మొదటిసారి చూడడం.

"అది పెట్టే" అన్నాడు. "పెట్ట కాబట్టే చెడ్డ శకునం. కూసే పెట్ట ఇంటి యజమానిని మింగుతుంది. దాన్ని ఆ రోజే కొయ్యాలి. మీ ఇళ్ళల్లో కొయ్యరా? మీ నాన్నలు కొయ్యలేదా?"

ఎవరూ కాదనలేదు. కాదనలేరు. మా దగ్గర పెట్ట కూస్తే పొద్దు గుంకేలోగా కోస్తారు, అందులో రెండో మాట లేదు. ఎర్గాష్ తాత గడ్డం నిమురుకుంటూ కిందికి చూశాడు. తురోబ్ గూటిమీదనుంచి కత్తి తీశాడు. ఒక్క అంగలో పుంజుపిల్లను రెక్కలు కలిపి పట్టేశాడు. అది అరవలేదు. ఆ చెయ్యి దానికి అలవాటే మరి, టోపీలో ఊరేగించిన చెయ్యే.

"తురోబ్, ఆగు" అన్నాను. నా మాట ఇక ఆ వాకిట్లో ఎవరు వింటారు?

సోజిదా నన్ను దాటుకుని వెళ్ళింది. పరుగెత్తలేదు. టీ పాత్ర చేతిలోనే ఉంది. దాన్ని మంచం అంచున పెట్టి, భర్త ఎదురుగా నిలబడి, తల వంచుకుంది.

"మీరన్నదే నిజమండీ" అంది. "పెట్టే. మీరు ఆ రోజే చెప్పారు, నాకే తెలియలేదు. పుంజులా ఉందని నేనే మాస్తురక్కతో అన్నాను. తప్పు నాదే."

మగవాళ్ళంతా వింటున్నారు. ఆవిడ అంత గట్టిగా మాట్లాడడం వాళ్ళు ఎప్పుడూ వినలేదు.

"శకునం కూడా నిజమే. కానీ ఈ వేళ మీ పలావు రోజు. భోజనానికి వచ్చిన పెద్దల ముందు శకునం కోడి రక్తం వాకిట్లో పడడం బావుండదు." ఎర్గాష్ తాత వైపు చూసింది. "కూసే పెట్ట ఇంటి యజమానికే కదా తాతా చెడు? యజమాని లేని ఇంట్లో అది ఎవరిని మింగుతుంది? మాస్తురక్క ఇంట్లో మగదిక్కు లేదు. అక్కడికి ఇచ్చేస్తాను. ఇక ఈ గడప తొక్కదు."

ఎర్గాష్ తాత వెంటనే అందుకున్నాడు. "అమ్మాయి సరిగ్గా చెప్పింది. విధవ ఇంట్లో దానికేం పని దొరకదు. ఇచ్చెయ్ తురోబ్. రా, పలావు చల్లారిపోతోంది."

తురోబ్ అలాగే నిలబడ్డాడు. అందరి మొహాలూ చూశాడు. ఎవరూ నవ్వడం లేదని తేల్చుకున్నాక కత్తి దించాడు. "సరే, నువ్వు బతిమాలుతున్నావు కాబట్టి" అన్నాడు. ఛీ. ఆ ముక్క అనకుండా ఉండలేకపోయాడు. మంచమెక్కి దిండుకు ఆనుకుని, "ఫ్యాక్టరీలో ఇలాంటివి లక్షకొకటి వచ్చేవి" అని మొదలుపెట్టాడు కూడా. అందరూ తలలూపారు.

సోజిదా పుంజుపిల్లను గుండెకు అదుముకుని చిన్న తలుపు దాటి మా వాకిట్లోకి వచ్చింది. నేను వెనకే వచ్చాను. ఆవిడ దాన్ని మా తందూరు కొట్టులో వదిలి, నీళ్ళు పెట్టి, బయటికొచ్చి గోడకు ఆనుకుంది.

"ఆ దద్దమ్మ ముందు తప్పు నాదని ఎలా అనగలిగావే?" అన్నాను. "నాలుక ఎలా తిరిగింది నీకు? నీ బదులు నేను అడుగుతున్నాను కదా, ఇంకాస్త ఆగితే..."

"ఆగితే కోసేవాడక్కా."

"వాడు..."

"ఆయన నవ్వబోయాడు. నువ్వూ చూశావు." ఆవిడ గొంతు పెద్దది కాలేదు. "నవ్వేసి ఉంటే అయిపోయేది. ఆయన ఎలాంటివాడో నాకు పద్దెనిమిదేళ్ళుగా తెలుసు. నా పుంజు మీద ఆయనకు కోపం లేదు. నీకే ఉంది ఆయన మీద. ఇవాళ కత్తి తీయించింది నువ్వక్కా."

నేను తందూరు కొట్టు తలుపు వేసి, రాయి అడ్డం పెట్టాను.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "టీ అయిపోయి ఉంటుంది వాళ్ళకి" అని, చిన్న తలుపు దాటి వెళ్ళింది. వెళ్తూ వెళ్తూ దాన్ని వెనక్కి లాగింది. మా మధ్య ఆ తలుపు మూసుకోవడం నేను మొదటిసారి అప్పుడే చూశాను.